నేను దిద్దిన అక్షరం

మా ఇంట్లో అన్నం మాడినా ఊరుకుంటారు గానీ అక్షరం తప్పు పలికితే ఊరుకోరు. నాయన తిరుపతిలో ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. బస్సులో కండక్టరు ‘సిల్లర’ అంటే, టికెట్టు తీసుకోకముందే ‘చిల్లర’ అని దిద్దేవారు. ఈ పెద్దమనిషి చిల్లర లేదంటున్నాడనుకుని కండక్టరు నాలుగు మాటలు అనేవాడు. నాయన ఆ నాలుగు మాటల్లోని తప్పులు కూడా దిద్దేవారు. ఆ గుణం నాకు పుట్టుకతోనే వచ్చింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది కొంత ముందే, ఐరాలలో ఒక పొయ్యి దగ్గర పోయింది. అదెలా పోయిందో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను పనిచేసేది రేణిగుంట రోడ్డులో, ఒక టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. మొత్తం పద్నాలుగు మందిమి. మా పని కాపలా. చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న ఆస్పత్రులూ, ల్యాబులూ, కాలేజీలూ ఇప్పుడు తమ లెక్కాపత్రాలన్నీ క్లౌడులో పెట్టుకుంటున్నాయి. అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీల యంత్రాల్లో కాస్త చోటు అద్దెకు తీసుకోవడం. అద్దె ఇల్లయినంత మాత్రాన దొంగలు రారని లేదు కదా. ఎవరు తలుపు తీస్తున్నారు, ఎవరు కొత్త తాళంచెవి తిప్పుతున్నారు అని మేము ఇక్కడ కూర్చుని కనిపెట్టి ఉంటాం.

అందుకోసం మా దగ్గర ఒక లైబ్రరీ ఉంది. ఈ సంగతి చెప్పిన రోజు నాయన ఎంతో సంతోషపడి ఏయే పుస్తకాలున్నాయని అడిగారు. పుస్తకాలు కావు నాయనా, ఒకసారి రాసిపెట్టుకుని అందరూ వాడుకునే ప్రోగ్రాముల కట్ట అన్నాను. అయితే దాన్ని లైబ్రరీ అనడం తప్పు అన్నారు. ఏమంటాం.

ఆ కట్టను మొదట రాసింది మా సీనియర్. ఆఫీసులో అందరం ఆయన్ని అన్నా అనే పిలుస్తాం. ఐరాల దగ్గర పల్లె. చెరకూ మామిడీ పండించే ఇల్లు. కంపెనీలో ముగ్గురే ఉన్న రోజుల నుంచీ ఉన్నారు. ఆయన నోట్లో మాట మొదట ‘చ’ అనే అక్షరం పుట్టదు. సెప్పు, సేయి, సాలు, సెరువు. నేను చేరిన మొదటి రోజే ఆయన తెర మీద ఆ కట్టను విప్పి చూపించారు. కస్టమర్ల యంత్రాల్లో ఒక్కోదాంట్లో ఒక్కో కాపలా ప్రోగ్రాము కూర్చుని ఉంటుంది. దానికి ఏదైనా తేడాగా కనిపిస్తే మాకొక చీటీ పంపుతుంది. చీటీ మీద ఒక పేరుంటుంది. ఆ పేరును బట్టి మా లైబ్రరీ ఇక్కడ గంట కొట్టి బోర్డు మీద చూపిస్తుంది. పేర్లు మూడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. యంత్రం నిండిపోయినా ఆగిపోయినా ‘పిలువు’. కొత్తవాడెవడో తలుపు దగ్గర తచ్చాడుతుంటే ‘సూడు’. లోపలికే వచ్చేస్తే ‘సెప్పు’.

నేను పకపకా నవ్వాను. కొత్త ఉద్యోగమని కూడా చూసుకోలేదు. ఆయనకు కోపం రాలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పెరట్లో పనికి పోతూ ‘పాలు సూడు’ అని చెప్పి పోయేదట. పాలు చూడటమంటే చేసే పనేమీ ఉండదు, ఊరికే కూర్చోవడమే. కానీ అటు తిరిగితే పొంగిపోతాయి.

“మన పని కూడా అంతేమ్మా,” అన్నారు. “పాలు సూసే పని.”

ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన నాకు పని నేర్పారు, నేను ఆయనకు ‘చ’ నేర్పాను. నాకు పని వచ్చింది, ఆయనకు ‘చ’ రాలేదు. భోజనాల దగ్గర నాలుక ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తే, ఆయన కళ్ళు మూసుకుని అతి కష్టం మీద ‘చ’ అని, వెంటనే ‘సూడు’ అనేవారు. అందరం నవ్వేవాళ్ళం, ఆయనతో సహా. నాకు సొంత అన్న లేడు. ఉంటే ఇలాగే ఉండాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన మాట తీరును మాత్రం ఒక తప్పుగానే చూశాను. అందులో ఏ మొహమాటమూ నాకు లేదు.

మా కట్ట మరో పెద్ద కట్ట మీద నిలబడి ఉంటుంది. అది ప్రపంచమంతా వాడేది. దాన్ని తయారుచేసేవాళ్ళు, పాత వెర్షన్‌ను ఇక తాము పట్టించుకోబోమని ప్రకటించారు. అందులో ఏదైనా కన్నం బయటపడితే పూడ్చే దిక్కుండదు. కాపలా కాసేవాడి ఇంటికే కన్నముంటే ఇంకేముంది! మా కట్టనంతా కొత్త వెర్షన్‌కు మార్చాల్సి వచ్చింది. ఆ పని యజమాని నాకు అప్పగించారు. అన్న అప్పుడే సెలవు పెట్టారు. వాళ్ళమ్మకు చిత్తూరులో కంటి ఆపరేషను. వెళ్ళేముందు నా కుర్చీ దగ్గరికి వచ్చి, ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పి, “పేర్ల జోలికి మాత్రం పోవద్దమ్మా,” అన్నారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. తన తప్పుల మీద తనకు ముద్దు అనుకున్నాను.

మూడు వారాలు ఒళ్ళు వంచి పనిచేశాను. పాత ఇంటికి సున్నం కొట్టేటప్పుడు గోడ మీద పిచ్చి రాతలు ఎవరైనా ఉంచుతారా? నేనూ ఉంచలేదు. ఇంగ్లీషులో ‘ఎస్’తో మొదలయ్యే ఆ రెండు మాటలను ‘సీ హెచ్’తో మొదలయ్యేట్టు మార్చాను. సూడు చూడు అయింది, సెప్పు చెప్పు అయింది. పిలువులో దిద్దేందుకు ఏమీ లేదు గనక దాన్ని వదిలేశాను. మార్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి కొన్ని పరీక్షలు రాసిపెట్టి ఉంటాయి. వాటిలోనూ ‘స’ ఉన్నచోటల్లా నేనే ‘చ’ చేశాను. ప్రశ్నపత్రమూ నాదే, జవాబూ నాదే. అన్నీ పాసయ్యాయి, తెరంతా పచ్చ టిక్కులే. ఒక తెలుగు పండితుడి కూతురిగా ఆ రోజు నాకు కలిగిన తృప్తి చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నేను ఆలోచించనిది ఒకటుంది. మా ఆఫీసు వైపు ఉన్న కట్టను మేము ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కస్టమర్ల యంత్రాల్లో కూర్చున్న కాపలా ప్రోగ్రాములను అలా మార్చలేం. ఒక్కొక్కరి అనుమతి తీసుకోవాలి, నెలలు పడుతుంది. అవన్నీ ఇంకా పాత మాటే, అన్న మాటే పంపుతున్నాయి. ఇక్కడ వినేది కొత్త మాట కోసం. పాత వెర్షన్ తనకు తెలియని పేరు వస్తే ఇదేంటో నాకు తెలియదని గోల చేసేది. కొత్తది కిక్కురుమనకుండా పక్కన పారేస్తుంది. ఆ సంగతి కొత్త వెర్షన్‌తో వచ్చిన వివరాల్లో రాసే ఉంది. నేను చదివాను. మంచిదే, గోల తగ్గుతుంది అనుకున్నాను.

ఎవరు ఏ మార్పు చేసినా ఇంకొకరు చూసి సరే అనాలని మా ఆఫీసులో నియమం. అన్న ఆస్పత్రి వరండాలో నుంచి ఫోను చేశారు. రెండు వందల ఫైళ్ళు ఉండాయే, అంతా సూసినావా అన్నారు. చూశానన్నాను. నువ్వు సూసినావంటే సాలు అని, అక్కడి నుంచే సరే కొట్టేశారు.

ఆ రోజు నుంచి బోర్డు ప్రశాంతంగా ఉంది. పిలువు గంట అప్పుడప్పుడూ మోగుతూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అంతకుముందు రోజుకు పదిసార్లయినా ఎవడో ఒకడు ఏదో ఒక తలుపు తడుతూ మమ్మల్ని పరిగెత్తించేవాడు. కొత్త వెర్షన్ వచ్చాక దొంగలకు కూడా బుద్ధి వచ్చినట్టుందని యజమాని నలుగురిలో నన్ను మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. పదకొండు రోజులు అలా గడిచాయి.

పన్నెండో రోజు పొద్దున చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఒక డాక్టరమ్మ నడిపే రక్తపరీక్షల ల్యాబు మా కస్టమరు. ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఒక మనిషి తాళంచెవితో, అంటే పాత పాస్‌వర్డుతో, ఎవరో ఆ ల్యాబు క్లౌడులోకి వచ్చారు. రోజుల తరబడి వచ్చి పోయారు. రోగుల రిపోర్టులన్నీ ఎత్తుకుపోయారు. ఆ సంగతి మేము చెబితే ఆవిడకు తెలియలేదు. ఆవిడ చెబితే మాకు తెలిసింది.

యజమాని నన్నూ, అప్పుడే సెలవు నుంచి వచ్చిన అన్ననూ వెంటబెట్టుకుని కారులో బయల్దేరారు. చంద్రగిరి దాటాక యజమాని నా పక్కన లాప్‌టాప్ తెరిచారు.  ఆయన ఒకప్పుడు ప్రోగ్రాములు రాసినవారే గానీ ఆ పని వదిలి చాలా కాలమైంది. ల్యాబు యంత్రం ‘స’తో పంపుతోందనీ, మనం ‘చ’తో వింటున్నామనీ ఆయనకు దొరికింది. ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియలేదు. పూతలపట్టు దగ్గర నా వైపు తిరిగి అడిగారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన అన్న ఉన్నారు.

“మీ నాన్నగారు తెలుగు మేష్టారు కదమ్మా. ఈ రెంటిలో ఏది కరెక్టు?”

 ఆయన అడిగింది ఎవరు మార్చారని కాదు, ఏది కరెక్టని.

“చూడు అనేదే కరెక్టు సార్,” అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జీవితంలో అంత పెద్ద అబద్ధం నేను మళ్ళీ ఆడలేదు. అద్దంలో అన్న కళ్ళు ఒక్కసారి నా వైపు చూసి రోడ్డు మీదికి పోయాయి.

డాక్టరమ్మ గదిలో ఒక పక్క రక్తం సీసాలు పెట్టే ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. అరవలేదు, అరిచినా బాగుండేది. నగరిలో మరమగ్గాల మీద పనిచేసే ఒక అమ్మాయి గురించి చెప్పింది. ఆ అమ్మాయి బస్సెక్కి ఇంత దూరం వచ్చి పరీక్ష చేయించుకుంది. ఎందుకంటే నగరిలో చేయించుకుంటే తెలిసిపోతుంది. ఉన్న జబ్బును ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవడో మందులు అమ్ముకునేవాడు ఆ రిపోర్టులు కొనుక్కుని వాళ్ళింటికి ఫోను చేశాడు. అత్తగారు ఎత్తింది. వాడు ఆ జబ్బు పేరు చెప్పి, మందు ఉంది కావాలా అని అడిగాడు. ఆ జబ్బు పేరు నేనిక్కడ రాయను.

“మీ గంట ఎందుకు మోగలేదు?” అని అడిగింది ఆవిడ.

యజమాని గొంతు సవరించుకుని, మొదట రాసినప్పుడే ఒక మాటలో స్పెల్లింగు తప్పు పడిందనీ, కొత్త వెర్షన్‌లో ఆ తప్పు బయటపడిందనీ చెప్పారు. రాసింది ఎవరని ఆవిడ అడిగింది.  నేను నోరు తెరవాలి. తెరుస్తాననే అనుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

“నేనేమ్మా,” అన్నారు అన్న. “ఆ మాట నేనే రాసినా.”

తిరుగుదారిలో కారులో చెబుదామనుకున్నాను. కారులో డ్రైవరున్నాడు కదా, ఆఫీసులో చెబుదామనుకున్నాను. మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి అన్న తనే రాజీనామా పెట్టేశారని తెలిసింది. నెలాఖరు దాకా ఇంట్లోనే ఉండమన్నారట. కట్టను సరిచేసే పని మాత్రం అదే రోజు జరిగింది. గంటలు మోగాలి గనక ఆ రెండు మాటలను మళ్ళీ ‘స’తో మార్చమని యజమాని నాకే చెప్పారు. ఆయన తప్పుకు మనం సర్దుకోవాల్సి వచ్చింది చూడు అన్నారు. మార్చాను. నిమిషంలో బోర్డంతా మోత.

కొన్ని రోజులకు మరో సంగతి తెలిసింది. ఉద్యోగం వదిలి వెళ్తున్నట్టు నెలాఖరున అన్నకు ఇచ్చే కాగితంలో నిర్లక్ష్యం అనే మాట రాయబోతున్నారు. కస్టమరుకు చూపించాలంటే అలా రాయక తప్పదట. కాపలా పనిలో ఉన్నవాడి కాగితం మీద ఆ మాట పడితే ఇంకెక్కడా గేటు దాటనివ్వరు. నాకు అన్నం సహించలేదు. అయినా నోరు రాలేదు. నా ఉద్యోగం పోతుందని భయం, నిజమే. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. తప్పు దిద్దేదాన్ని నేను. తప్పు చేసినదాన్ని అని నా నోటితో అనడం నాకు చేతకాలేదు.

ఒక ఆదివారం నాయన స్నేహితులు ఇద్దరు ఇంటికి వచ్చారు. ఇద్దరూ రిటైరైన మేష్టర్లే. మా ఆఫీసు గొడవ నాయనకు కొంత తెలుసు, మొత్తం తెలియదు. మా అన్న ‘చ’కు బదులు ‘స’ రాసిన తప్పు వల్ల అని నేనే ఒకసారి విసుగ్గా అన్నాను. నేను కాఫీ పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి ఆయన మంచి ఊపు మీద ఉన్నారు.

“ఒక్క అక్షరమయ్యా! ‘చ’ రాయాల్సినచోట ‘స’ రాశాడు. ఉద్యోగం పోయింది. పిల్లలకు తెలుగు ఎందుకు నేర్పాలి అనేవాళ్ళకు ఇది చెప్పాలి.”

స్నేహితులు తలలూపారు. నాయన గర్వంగా నా వైపు చూశారు.  కాఫీ వాళ్ళ ముందు పెట్టి, బట్టలు మార్చుకుని, స్నేహితురాలి ఇంటికని చెప్పి బస్టాండుకు వచ్చాను. కాణిపాకం బస్సెక్కి, అక్కడ దిగి ఐరాల వైపు ఆటో పట్టుకున్నాను. అప్పటికి డాక్టరమ్మ గదిలో నేను నోరు మూసుకుని పంతొమ్మిది రోజులు.

అన్న ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. వాకిట్లో వాళ్ళమ్మ నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. తిరుపతి నుంచి వచ్చానని, ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్ళమని చెప్పాను. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. కొడుకు మామిడితోట దగ్గరికి పోయాడని, వచ్చేస్తాడని చెప్పింది. గ్యాసు పొయ్యి మీద అప్పుడే పెట్టిన పాలున్నాయి.

“నన్ను పొయ్యి కాడికి పోవద్దని సెప్పినారు మ్మా, కన్ను ఇంకా మానలేదు. ఉండబట్టలేక పెట్టేసినా. పాలు సూస్తా ఉండు. ఆవుకు నీళ్ళు పెట్టేసి వస్తా,” అని గోడ పట్టుకుంటూ పెరట్లోకి పోయింది.

ఆ మాట వినగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గిన్నె వైపే చూస్తూ నిలబడ్డాను. అంతలో అన్న వచ్చారు. పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, కాళ్ళ నిండా మట్టితో ఉన్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎప్పుడు వచ్చినావమ్మా, బస్సు దొరికిందా అని అడిగి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడి, దారి పొడుగునా కూర్చుకున్నదంతా మర్చిపోయి ఒక్క ముక్కే అన్నాను.

“అన్నా, ఆ మాట మార్చింది నేను.”

“తెలుసమ్మా.”

“ఎప్పటి నుంచి?”

“డాక్టరమ్మ ఫోన్ సేసిన పొద్దే. ఎవురు ఏది మార్చినా ఆ వరస పక్కన వాళ్ళ పేరు పడతాది గదా. సూసినా. నీ పేరే ఉండాది.”

అంటే కారు ఎక్కకముందే ఆయనకు తెలుసు. ఏది కరెక్టని యజమాని అడిగినప్పుడు తెలుసు. నేను జవాబు చెప్పినప్పుడూ తెలుసు.  మరి ఎందుకు చెప్పలేదన్నా అని అడిగాను.

ఆయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నారు.

“నువ్వు సెప్తావని సూసినా,” అన్నారు.

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. తనూ ఒక తప్పు చేశానని, రెండు వందల ఫైళ్ళను విప్పకుండానే సరే కొట్టానని, పేర్లు ఎందుకు మార్చకూడదో చెప్పకుండా పోయానని, కాబట్టి ఆ గదిలో తలొంచుకోవడంలో అన్యాయమేమీ లేదని అన్నారు. నేను క్షమించమని అడుగుతుంటే మధ్యలోనే ఆపేశారు. “నాకు సెప్తే ఏమొస్తాదమ్మా? నాకు తెలిసిందే. తెలియనోళ్ళకు సెప్పాల.”

అప్పుడు వెనక నుంచి చుయ్‌మని చప్పుడు. తిరిగి చూసేసరికి పాలు పొంగి గిన్నె మీదుగా, పొయ్యి మీదుగా, గట్టు మీదికి కారుతున్నాయి. పరుగెత్తి గ్యాసు కట్టేశాను. గిన్నెలో సగం కూడా మిగల్లేదు. పెరటి గుమ్మంలో వాళ్ళమ్మ నిలబడి ఉంది. కనబడకపోయినా వాసన తెలిసింది.

“పాలు పొంగినట్టుండాదే. ఎవురూ సూడలేదా?”

“నేనే మా,” అని అన్న మొదలుపెట్టారు. “కాళ్ళు కడుక్కుంటా...”

“కాదమ్మా,” అన్నాను. “నాకు సెప్పిపోయినారు. నేను సూడలేదు.”

నా నోటి నుంచి ‘స’ వచ్చింది. దిద్దుకోవాలనిపించలేదు. అన్న నా వైపు చూసి, మిగతా మాట మింగేశారు. ఆ తల్లి ఒక్క క్షణం ఆలోచించి, గట్టు మీద చెయ్యి పెట్టి ఎంత దూరం పారాయో తడుముకుంది.

“పోనీలే మ్మా. ఇప్పుడే తుడిచేసెయ్. ఎండిందంటే పోదు,” అంది.

తుడిచాను. గట్టు కడిగాను, పొయ్యి కడిగాను. మిగిలిన పాలతో ఆవిడ నాకు కాఫీ ఇప్పించింది. ఐరాల నుంచి చిత్తూరుకు మధ్యాహ్నం ఒక బస్సుంది. అన్న నన్ను బస్టాపు దాకా బండి మీద దింపి, ఎక్కడికి పోతున్నానో అడగకుండా వెళ్ళిపోయారు.

ఆదివారమైనా డాక్టరమ్మ ల్యాబులోనే ఉంది. అదే గది, అదే కుర్చీ. ఆ మాట మార్చింది నేనని, ఆయన రాసింది తప్పు కాదని, అది పనిచేస్తూ ఉన్న మాట అని, నా పాండిత్యం కొద్దీ దిద్ది గంట నోరు నొక్కానని చెప్పాను. పరీక్షలు మార్చిన సంగతీ, కారులో జవాబు చెప్పిన సంగతీ కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మీ గంట పదకొండు రోజులు మోగలేదు,” అంది. “నువ్వెన్ని రోజులు?”

“పంతొమ్మిది మేడం.”

ఆవిడ ఫోను తీసి మా యజమాని నంబరు కలిపి, అటు హలో వినబడగానే నా చేతికి ఇచ్చింది. నేను చెప్పాను. ఆవిడ నా ఎదురుగా కూర్చుని మొత్తం విన్నది.

అన్న కాగితంలో ఆ మాట పడలేదు. వాళ్ళమ్మ కన్ను మానాక ఆయన రాజీనామా వెనక్కి తీసుకుని మళ్ళీ వచ్చి, తన కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను, తీయలేదు. ఏడాదిపాటు ఏ మార్పూ నా చేత చేయించలేదు. ఆ శిక్ష నాకు తక్కువే. ఇంటికి వచ్చి నాయనకు కూడా చెప్పాను. ఆయన తర్వాత ఆ ఇద్దరు స్నేహితులకూ ఫోను చేసి, నేను చెప్పింది తప్పు, దిద్దుకుంటున్నాను అన్నారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ మాటలో స్పెల్లింగు తప్పుందని ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. తప్పు కాదని చెప్పి పంపుతాను.

ఏడాది దాటాక ల్యాబు పని మీద చిత్తూరు వెళ్ళినప్పుడు నగరి అమ్మాయి గురించి డాక్టరమ్మను అడిగాను. ఆరు నెలలకొకసారి వచ్చి పరీక్ష చేయించుకోవాలట. ఇంకా రాలేదు అంది.